కిడ్నీలో ఒక ఇస్కపల్లి

అల్లూరు వైపు నుంచి ఒకమ్మాయి అడిగింది: "మా నాయనకు గుండె బలహీనంగా ఉందని రోజూ పొద్దున ఒక లాసిక్స్ బిళ్ళ రాశారు. వేసుకున్న గంటకే మొదలై మధ్యాహ్నంలోపు ఆరేడుసార్లు ఒంటికి పోతాడు. మర్నాటికి చూస్తే కాళ్ళ వాపు ఎక్కడిదక్కడే. బిళ్ళ నకిలీదంటారా, లేకపోతే ఆయన తాగే నీళ్ళే ఎక్కువయ్యాయా?"

ఆ అమ్మాయి ఉండే చోటికి తూర్పున ఇస్కపల్లి ఉప్పు కయ్యలున్నాయి. జవాబు అక్కడే తెల్లగా ఆరబోసి ఉంది.

నీళ్ళు పోయించే బిళ్ళ అంటాం గానీ, ఆ బిళ్ళ నీళ్ళ జోలికే పోదు. ఉప్పును పోయిస్తుంది, ఉప్పు వెంటపడి నీళ్ళు పోతాయి. మన ఒంట్లో నీటిని తోడే పంపు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఉప్పును తోడేవే.

బళ్ళో కిడ్నీని జల్లెడ అని చెప్పి వదిలేస్తారు. నేనూ పిల్లలకు చాలా ఏళ్ళు అట్లాగే చెప్పాను, తప్పు నాదే. జల్లెడ మాత్రమే అయితే మన రక్తంలోని ద్రవభాగం, సుమారు మూడు లీటర్లు, అరగంట తిరక్కముందే కారిపోయేది. రోజుకు 180 లీటర్లు వడకడుతుంది కిడ్నీ. అందులో కరిగి ఉన్న ఉప్పు దాదాపు కిలోన్నర! అందులోంచి బయటికి పోయేది మనం ఆ రోజు తిన్న పదో పదిహేనో గ్రాములు. వడకట్టడం చిన్న పని. పారబోసినదాన్ని మళ్ళీ ఏరుకోవడమే అసలు పని.

ఎట్లా ఏరుకుంటుంది? ఇక్కడే నాకు కయ్యలు గుర్తొస్తాయి. ఉప్పు పండించేవాళ్ళు ఉప్పునీటిని మడి నుంచి మడికి మళ్ళించుకుంటూ పోతారు. ఒక్కో మడిలో కాస్త చిక్కబడుతుంది. ముందు మడి చిక్కబరిచిన చోటి నుంచి తర్వాతి మడి అందుకుంటుంది. చివరి మడిలో రాళ్ళుప్పు కడుతుంది.

కిడ్నీలోని సన్నగొట్టం పైభాగంలో పుట్టి, లోపలికి దిగి, తలపిన్నులాగా మలుపు తిరిగి మళ్ళీ పైకొస్తుంది. 1862లో హెన్లే అనే జర్మన్ దాన్ని వర్ణించాడు. ఆ మలుపు ఎందుకో చెప్పడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. 1942లో చెప్పిన వెర్నర్ కూన్ డాక్టరు కూడా కాదు, భౌతిక రసాయన శాస్త్రవేత్త.

సంగతేమిటంటే, దిగే గొట్టం గోడలోంచి నీళ్ళు బయటికి జారతాయి. ఎక్కే గొట్టం గోడ నీటిబొట్టును కూడా వదలదు, కానీ దానికి ఉప్పును బయటికి తోసే పంపులున్నాయి. ఆ పంపు బలం తక్కువ: గోడకు అటూ ఇటూ 200 మిల్లీఆస్మోల్ (చిక్కదనాన్ని కొలిచే లెక్క) తేడా తేగలదు, అంతకంటే చేతకాదు. రక్తం చిక్కదనం సుమారు 300. పంపు తోస్తే గొట్టం లోపల 200, బయట 400. బయట 400 కాగానే పక్కనున్న దిగే గొట్టం నీళ్ళు పోగొట్టుకుని తానూ 400 అవుతుంది. ఆ 400 నీళ్ళే మలుపు తిరిగి పంపు ముందుకొస్తాయి. ఇప్పుడు పంపు మొదలుపెట్టేది 400 నుంచి; బయట 500. దిగేది మళ్ళీ 500... ఒక మడి మీద ఇంకో మడి. లోపలి కొసకు పోయేసరికి 1200! (అందులో దాదాపు సగం పని యూరియాది, దాన్ని ఈ రోజుకి పక్కన పెడదాం.) సముద్రపు నీరు సుమారు 1000. నడుముకు కాస్త పైన, వెన్నుకు అటూ ఇటూ, సముద్రం కంటే చిక్కటి కయ్య ఒక్కొక్కటి మోసుకు తిరుగుతున్నాం మనం.

ఇదంతా ఎందుకంటే, చివరి గొట్టం, మూత్రాన్ని బయటికి తీసుకుపోయేది, ఈ కయ్య మధ్యగా వెళ్తుంది. ఉప్పటి నేల అందులోంచి నీళ్ళు పీల్చేస్తుంది. మే నెల ఎండలో నెల్లూరోడికి మూత్రం పచ్చగా కాసినే రావడానికి కారణం ఇదే.

లాసిక్స్, అంటే ఫ్యూరోసెమైడ్, వచ్చి ఆ పంపు మీద కూర్చుంటుంది. పంపు ఒక్కో విడతకు ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లను మోస్తుంది. బిళ్ళ క్లోరైడ్ సీటు పట్టేస్తుంది. ఉప్పు కొఠారులో నీళ్ళు తోడే మోటారు ఆగినట్టే. వడకట్టిన ఉప్పులో నాలుగో వంతు ఈ పంపు పాలిటిదే, అది గొట్టంలోనే మిగిలిపోతుంది. అంతకంటే పెద్ద దెబ్బ, కయ్య చప్పబడిపోతుంది. పీల్చే నేల లేకపోతే చివరి గొట్టంలో నీళ్ళు ఎక్కడికి పోతాయి? అందుకే ఆరేడుసార్లు. మోకాళ్ళ నొప్పికని మందులషాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ ఈ బిళ్ళ పనికి అడ్డం పడుతుందని ఎంతమందికి తెలుసు?

లాసిక్స్ అనే పేరు ఆరు గంటలు ఉంటుందనే అర్థం వచ్చేట్టు పెట్టిందే అంటారు. ఆరు గంటలయ్యాక మోటారు మళ్ళీ తిరుగుతుంది. ఈసారి కసిగా తిరుగుతుంది, ఉప్పు పోయిందని కిడ్నీకి తెలిసిపోయింది గదా. మిగిలిన పద్దెనిమిది గంటలు దొరికిన ప్రతి రవ్వనూ పట్టుకుంటుంది. సెలైన్ సీసా లెక్క చూడండి: లీటరుకు 9 గ్రాముల ఉప్పు. రాత్రి భోజనంలో 9 గ్రాములు పోతే, పొద్దున వదిలించుకున్న లీటరు తిరిగి వచ్చేసినట్టే.

నీళ్ళు పోయించే బిళ్ళల్లో బీపీకి ఎక్కువగా ఇచ్చేది లాసిక్స్ కాదు, థయజైడ్ జాతి: హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్. 1950ల చివర్లో క్లోరోథయజైడ్‌తో మొదలైంది ఈ కథ. బీపీ మందులను ఒకదానితో ఒకటి పోల్చి చూసిన, 33 వేలమందికి పైగా పాల్గొన్న ఆల్‌హాట్ పరీక్షలో (ఫలితాలు 2002లో వచ్చాయి) చవకైన క్లోర్తాలిడోన్ కొత్త మందులకేమీ తీసిపోలేదు. థయజైడ్ కయ్యకు బయట, పైపొరలో పనిచేస్తుంది. అక్కడ దొరికేది అయిదారు శాతం ఉప్పే. పని నెమ్మది, కానీ రోజంతా ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. థయజైడ్ కయ్యను ముట్టుకోదు గనక నేల ఉప్పగానే ఉంటుంది, నీళ్ళను పీలుస్తూనే ఉంటుంది. ఉప్పు పోతోంది, నీళ్ళు నిలుస్తున్నాయి. రక్తంలో సోడియం పలచబడుతుంది. ముసలామెకు ఈ బిళ్ళ ఉంది, ఎండాకాలం, అన్నం సయించదు, మంచినీళ్ళు మాత్రం చెంబులకు చెంబులు తాగింది. నాలుగో రోజు మాట తడబడుతుంది, మనుషుల్ని గుర్తుపట్టదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ముందు చేయాల్సింది సోడియం పరీక్ష. లాసిక్స్‌తో ఈ గొడవ తక్కువ, కయ్యే చప్పబడిపోయింది గదా!

ఇంకో రెండు ముక్కలు. సైంధవ లవణం బీపీకి మంచిదని అమ్ముతున్నారు. గులాబీరంగు తప్ప అదీ సోడియం క్లోరైడే. లాసిక్స్‌తో పొటాషియం పోయి పిక్కలు పట్టేస్తాయి, కాబట్టి కొబ్బరినీళ్ళు తాగమని ఎవరో ఒకరు చెప్తారు. పక్కనే స్పైరోనోలాక్టోన్ బిళ్ళ కూడా ఉంటే, అది పొటాషియాన్ని పోనివ్వదు. అప్పుడా కొబ్బరినీళ్ళే గుండె లయను చెడగొట్టగలవు. చీటీలో ఏ బిళ్ళలున్నాయో చూడకుండా సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు మహా మంట.

ఆ అమ్మాయికి రాశాను: నకిలీ బిళ్ళకు ఆరేడుసార్లు రాదమ్మా, రాత్రి మీ నాయన ఏం తింటాడో చెప్పు, డాక్టరుకు కూడా అదే చెప్పు అని.

జవాబొచ్చింది. "ఆయన కూరలో ఉప్పు మానేసి నెలయింది సార్. రాత్రిళ్ళు ఉప్పుచేప వండుతాం, దాంట్లో ఇంక వేరే ఉప్పెందుకు?"