అన్నీ గ్యాస్ నొప్పులు కావు

“గ్యాస్ పట్టేసినట్టుంది, కాస్త సోడా తాగితే పోతుంది.” మన ఇళ్లలో గుండెపోటుకు జరిగే మొదటి వైద్యం చాలాసార్లు ఇదే. సినిమాల్లో ఎడమ రొమ్ము పట్టుకుని కూలిపోతారు గానీ, అసలు నొప్పి ఎక్కువగా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఉంటుంది. దవడకో, చేతికో, వీపుకో పాకుతుంది. పొట్ట పైభాగంలో మంటగా అనిపిస్తే ఇక గ్యాసేనని తేల్చేస్తాం.

షుగర్ ఉన్నవాళ్లలో ఆ నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ కాళ్ల నరాలనే కాదు, గుండె నొప్పిని మెదడుకు చేరవేసే నరాలనూ దెబ్బతీస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు, ఎన్నడూ లేనంత నీరసం, అంతే. ఎప్పుడో వచ్చిపోయిన పోటు, కంటి ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీలో బయటపడిన వాళ్లూ ఉంటారు.

ఆడవాళ్లకు ఛాతీనొప్పి రాదనడం తప్పు. వాళ్లలోనూ ఎక్కువమందికి అదే వస్తుంది, కాకపోతే వికారం, వీపు నొప్పి, ఆయాసం తోడవుతాయి. ఇంటిల్లిపాది మాత్రలూ గుర్తుపెట్టుకునే ఆవిడ తన ఆయాసాన్ని మాత్రం లెక్కచేయదు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగినవాళ్లకు, గుర్రపు వాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. యాభై ఏళ్లకు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాతికేళ్ల నాటి కాన్పు సంగతి ఎవరు అడుగుతారు? అడగకపోయినా మనమే చెప్పాలి.

“నేను సన్నగానే ఉన్నాగా” అనే మాటకూ పెద్ద విలువ లేదు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు మిగతావాళ్లకంటే ఐదారేళ్లు ముందే వస్తోందని తేలింది. సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు ఉండొచ్చు, అందుకే బరువుతో పాటు నడుము కూడా కొలవాలి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ఇక కొలెస్ట్రాల్ నార్మల్‌కు వచ్చిందని మాత్ర మానేసేవాళ్లున్నారు. అది నార్మల్‌గా ఉన్నది ఆ మాత్ర వల్లేనని తట్టదు.

అనుమానం వస్తే బండి మీద కాదు, 108లో వెళ్లాలి. మొదటి ఈసీజీ బాగుందన్నా వెంటనే ఇంటికి బయలుదేరకూడదు. దెబ్బతిన్న గుండె కండరం నుంచి ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి చేరి, పరీక్షకు దొరకడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అందుకే మళ్లీ రక్తం తీస్తారు. “బిల్లు పెంచడానికే” అని బంధువులు గొణిగేది సరిగ్గా అప్పుడే.