బొనేర్‌కు మళ్లీ వెళ్లే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

సెలవులకు మళ్లీ బొనేరే అంటున్నారు కాబట్టి రాస్తున్నాను. ఒకే చోటికి పదే పదే వెళ్లేవాళ్లు మొదటిసారి చూసిందే దాని అసలు రూపమనుకుంటారు. వెనిజులా తీరానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవికి 1985లో తొలిసారి వచ్చినవాళ్లు పగడపు దిబ్బను చూసి మురిసిపోయారు. అప్పటికే తెల్లపట్టీ తెగులు సోకి, లోతు తక్కువ నీళ్లలో ఉండే కొమ్ముల పగడాలు చాలావరకు చచ్చిపోయాయి. నాచును మేసే నల్లముళ్ల ఉర్చిన్లు (ఒళ్లంతా ముళ్లుండే బంతిలాంటి సముద్రజీవులు) 1983-84లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ సంగతి తెలియనివాళ్లకు మిగిలిందే నిండుగా కనిపించింది.

బొనేర్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. బరిసెలతో చేపలు కొట్టడాన్ని 1971లోనే నిషేధించారు. 1979లో తీరం నుంచి 60 మీటర్ల లోతు దాకా సముద్రాన్ని రక్షిత పార్కు చేశారు. లంగరు వేయకుండా, అడుగున బిగించిన తాడుకు కట్టి నీటి మీద తేలే బోయాకు పడవ కట్టుకునే ఏర్పాటు వచ్చింది. దానికోసం అక్కడి డైవింగ్‌కు ఆద్యుడైన కెప్టెన్ డాన్ స్టువర్ట్ చాలా పాటుపడ్డాడు. బండ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. లంగరు గొలుసు ఈడ్చుకుపోయి అర మీటరు ముద్దను విరగ్గొడితే, అంత ఎత్తు మళ్లీ రావడానికి యాభై ఏళ్లు కావాలి.

ఒక్కో చోట ఏడాదికి నాలుగు నుంచి ఆరు వేల డైవ్‌లు దాటితే దిబ్బ దెబ్బతింటుందని 1993లో పరిశోధకులు లెక్కగట్టారు. మంచి లెక్కే, కానీ అది నీళ్లలోకి దిగినవాళ్లది మాత్రమే. పర్యాటకులు పెరిగితే హోటళ్లు, వాటిలో పనివాళ్లు, వాళ్లకు ఇళ్లు, రోడ్లు, అన్నీ పెరుగుతాయి. 2011లో 16 వేలకు కాస్త తక్కువగా ఉన్న జనాభా 2024కి 25 వేలు దాటింది. దీవి నేల చిల్లులు పడిన సున్నపురాయి. సెప్టిక్ గుంతలో ఇంకిన మురుగు దాని గుండా మెల్లగా సముద్రంలోకి చేరుతుంది. అందులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువు. నాచు ఎదిగి పగడాన్ని కప్పేస్తుంది, పగడపు పిల్లలు అంటుకోవడానికి శుభ్రమైన రాయి దొరకదు. నాచును గీరి తినే చిలుకచేపల్ని పట్టకూడదని 2010లో చట్టం చేసింది ఇందుకే. ఇళ్లకోసం చదును చేసిన నేల మీద, మేకలు బోసి చేసిన కొండల మీద పడ్డ వాన మట్టిని కూడా దిబ్బ మీదికే తెస్తుంది. హోటల్ ఎంచుకునేటప్పుడు గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అని అడగండి, తప్పులేదు. మురుగు ఎటు పోతుందో కూడా తప్పక అడగండి. నా దృష్టిలో అదే పెద్ద ప్రశ్న.

మార్పు నిజంగా తెలియాలంటే ప్రతిసారీ అదే చోట, అదే నెలలో, అదే లోతులో, అదే పగడాన్ని ఒకే దూరం నుంచి ఫొటో తీయండి. పక్కన స్కేలు ఉంచండి, పగడాన్ని మాత్రం తాకొద్దు. వేరే నెలలో తీస్తే నాచు తేడా, నీటి వేడి తేడా కలిసిపోయి ఏమీ తేలదు. తెల్లబడిన పగడమల్లా చచ్చినట్టు కాదు. నీళ్లు చల్లబడితే కోలుకోవచ్చు. మీద నాచు పట్టిందంటే ఆ భాగం పోయినట్టే.

డైవింగ్‌కు దిగేవాళ్లు మునగడానికి నడుముకు సీసం బరువులు ఎక్కువ కట్టుకుంటే కాళ్లు కిందికి వాలి, కాళ్లకు తొడుక్కున్న రెక్కలు ఇసుకను లేపి పగడం మీద పోస్తాయి. గాలి సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో గాలి లేకుండా, మామూలుగా ఊపిరి పీల్చి ఆపితే నీళ్లు కళ్ల దగ్గర నిలవాలి. అంతకన్నా మునిగితే బరువు తగ్గించండి.

2023లో అక్కడికి రాతి పగడాల కణజాలాన్ని తినేసే తెగులు కూడా వచ్చింది. మొదట తెగులు లేని చోట దిగండి, సోకిన చోటుకు చివర్లో వెళ్లండి. ఒక చోటు నుంచి మరో చోటుకు వెళ్లేముందు సూటు, జాకెట్, రెక్కలు రోగక్రిముల్ని చంపే డిసిన్ఫెక్టెంట్ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఒడ్డుకు దూరంగా మంచినీళ్లతో కడగండి. ఆ కడిగిన నీళ్లు సముద్రంలో పారబోయకండి.

మీ తాతయ్య