పాత లగ్జరీ కార్లలో సుఖం ఎవరిది? అపోహలు - వాస్తవాలు

కార్లలో కుదుపుల లెక్కలు చూడటం నా ఉద్యోగం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసొచ్చినవాళ్లు నాతో తప్పకుండా అనే మాట ఒకటుంది: "అప్పటి కార్లలో ఎంత హాయిగా ఉండేదో!" వెనక కూర్చున్నవాళ్ల సంగతి కొంతవరకు నిజం. ముందు కూర్చున్నవాడి సంగతి వేరు.

అపోహ: తోలు సీటు ఉంటేనే లగ్జరీ.

ఆ రోజుల్లో చాలా పెద్ద కార్లలో తోలు వేసింది డ్రైవర్ సీటుకే. అతని నెత్తిన కప్పు ఉండేది కాదు. వాన పడితే తుడిచేస్తే సరిపోతుందని తోలు. వెనక గదిలో మాత్రం మెత్తటి ఉన్ని బట్ట, మధ్యలో అద్దం, డ్రైవర్‌తో మాట్లాడటానికి ఓ గొట్టం. గుర్రబ్బగ్గీ పద్ధతే ఇది, తోలేవాడు బయట, దొరగారు లోపల.

అపోహ: బండి బరువుగా, సీటు పరుపులా ఉంటే కుదుపు తెలియదు.

1930ల నాటి కారును బాగుచేయించుకున్న ఒకాయన ఓసారి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పారు. కూర్చుంటే దిగబడిపోయేంత మెత్తన. కానీ స్పీడ్ బ్రేకర్ దాటాక ముందు భాగం లేవడం, వెనక దిగడం, మళ్లీ ముందు దిగడం... కిటికీ తెర కుచ్చు ఊగుతూనే ఉంది. అరగంటకు నాకు కడుపులో తిప్పింది.

తప్పు సీటుది కాదు, స్ప్రింగులది. అప్పటి కార్లకు ముందు చక్రాల కమాను పట్టీలు (ఇవే అప్పటి స్ప్రింగులు) వెనకవాటికంటే బాగా గట్టిగా ఉండేవి. గట్టి స్ప్రింగు త్వరగా ఊగుతుంది, మెత్తటిది నెమ్మదిగా. గతుకు ముందు చక్రానికి తగిలాక, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, సెకనులో ఐదో వంతు తర్వాత వెనక చక్రానికి తగులుతుంది. ఆలస్యంగా మొదలైన వెనక భాగమే నెమ్మదిగా కూడా ఊగితే రెండూ ఎప్పటికీ కలవవు. బండి తూగుడుబల్ల అయిపోతుంది.

రోల్స్ రాయిస్ నుంచి 1930లో అమెరికా కార్ల కంపెనీ కాడిలాక్‌కు వెళ్లిన మోరిస్ ఓలీ అనే ఇంజనీరు ఒక పెద్ద లిమోసిన్‌కు ముందూ వెనకా జరపగల బరువులు తగిలించి, స్ప్రింగులు మార్చిమార్చి నడిపి చూశాడు. ముందువి వెనకవాటికంటే మెత్తగా ఉంటే బండి సమంగా లేచి సమంగా దిగుతుందని తేలింది. మరి ముందే అలా ఎందుకు చేయలేదంటారా? రెండు ముందు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసుకు మెత్తటి పట్టీలు వేస్తే బ్రేక్ వేసినప్పుడు మెలి తిరుగుతాయి, స్టీరింగ్ గజగజలాడుతుంది. అందుకే ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు కావాల్సి వచ్చింది. 1934 కాడిలాక్‌లో అది వచ్చింది.

అన్నట్టు, ఆ నిజాం కారు 1912 నాటిది. అందులో సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. సీటు ఎత్తు పెరిగేకొద్దీ పక్కలకు ఊగడమూ ఎక్కువే. దర్జాకు మంచిదే, నడుముకు మాత్రం కాదు.

అపోహ: నాలుగు వైపులా మూసిన బాడీ అంటే నిశ్శబ్దం.

కింద ఛాసిస్ (బండి అడుగు చట్రం) మెలిపడుతుంటే పైన చెక్క చట్రం కిర్రుమనేది. 1920లలో వేమన్ అనే ఫ్రాన్స్ తయారీదారు చెక్కకు చెక్క తగలకుండా మధ్యలో ఇనుప పట్టీలతో కలిపి, రేకు బదులు బట్ట చుట్టాడు. కిర్రుచప్పుడు తగ్గింది.

అపోహ: ఖరీదైన కారు నడపడం తేలిక.

కాడిలాక్ 1928లో గేర్ల వేగాలను తనంతట తానే కలిపే సింక్రోమెష్ తెచ్చేదాకా గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, లేకపోతే గేర్లు గరగరమంటాయి. మామూలుగా అమ్మే కార్లలో పవర్ స్టీరింగ్ 1951 క్రైస్లర్ ఇంపీరియల్ దాకా లేదు. రెండు టన్నుల బండిని డ్రైవర్ రెండు చేతులతో, భుజబలంతో తిప్పాల్సిందే.

అపోహ: ఏసీ రావడంతో అందరి కష్టాలూ తీరాయి.

1940 మోడల్ ప్యాకార్డ్ అనే అమెరికా కారులో చల్లబరిచే యంత్రం డిక్కీలో ఉండేది. చల్లగాలి వచ్చేది వెనక సీటు వెనక నుంచే. బ్లోయర్ ఆపొచ్చు కానీ, ఇంజిన్ తిరిగినంతసేపూ కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఎవరో ఒకరు కారు ఆపి, ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి బెల్ట్ ఊడదీయాలి. ఆ ఎవరో ఒకరు వెనక సీట్లోంచి దిగే మనిషైతే కాదు.