ఉప్పుకీ లిథియానికీ తేడా తెలియని కిడ్నీ

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా అక్క కూతురికి పద్నాలుగేళ్ళు. బైపోలార్ (మనసు కొన్నాళ్ళు విపరీతమైన హుషారుకీ, కొన్నాళ్ళు తీవ్రమైన దిగులుకీ ఊగే జబ్బు) అని చెప్పి లిథియం రాశారు. మామయ్యగారికి బీపీ కాబట్టి ఇంట్లో అందరం ఉప్పు తగ్గించేశాం. పాపకి మాత్రం తగ్గించొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మనసుకొచ్చిన జబ్బుకీ ఉప్పుకీ ఏమిటండీ సంబంధం?"

ఉంది, అదీ కిడ్నీలో ఉంది.

లిథియం కూడా సోడియంలాగే ఒక మూలకం. ఆవర్తన పట్టికలో ఇద్దరిదీ ఒకే నిలువు వరుస. రెండూ బయటి కక్ష్యలోని ఒక్క ఎలక్ట్రాన్‌నీ వదిలేసి +1 అయాన్‌గా మారతాయి. మిగతా మందుల్లో చాలావాటిని కాలేయం ముక్కలు చేసి పంపేస్తుంది. లిథియం మూలకం కాబట్టి విరగ్గొట్టడానికి అందులో ఏమీ లేదు. రక్తంలోని ప్రొటీన్లకూ అంటుకోదు. ఒంట్లోంచి బయటికి పోవడానికి దాదాపుగా కిడ్నీ ఒక్కటే దారి.

కిడ్నీ ముందు అన్నిటినీ వడకట్టేసి, కావలసినవాటిని మళ్ళీ రక్తంలోకి లాక్కుంటుంది. వడకట్టిన లిథియంలో సుమారు 80 శాతం ఇలా వెనక్కి వచ్చేస్తుంది, అందులో ఎక్కువ భాగం కిడ్నీలోని సన్నని గొట్టాల మొదటి భాగంలోనే, సోడియంతో పాటు. ఒంట్లో ఉప్పు తగ్గితే, చెమటో విరేచనాలో నీటిని లాగేస్తే, కిడ్నీకి కంగారు పుడుతుంది. జాతరలో పిల్లాడు తప్పిపోయిన తల్లి అదే రంగు చొక్కా ఎక్కడ కనిపిస్తే అక్కడ చెయ్యి పట్టుకుని లాగేసుకుంటుందే, అలా సోడియం కోసం వెతుకుతూ లిథియాన్నీ లాగేసుకుంటుంది. పాప వేసుకున్నది రోజూ వేసుకునే మాత్రే, డోసు ఏమీ మారలేదు. రక్తంలో మందు మాత్రం పెరిగిపోతుంది.

పెరిగితే ఏమవుతుందో 1949లోనే తెలిసింది. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు, మేనియాలో (ఆ జబ్బులో హుషారు హద్దు దాటే దశలో) ఉన్నవాళ్ళు లిథియంతో నెమ్మదించారని ఆ ఏడాదే ప్రచురించాడు. అదే ఏడాది అమెరికాలో, ఉప్పు మానేసిన గుండె జబ్బు రోగులు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ చల్లుకుని తిన్నారు. కొందరు చనిపోయారు. వాళ్ళ ఒంట్లో సోడియం తక్కువ, లిథియం మీద కొలత లేదు. ఇంతకన్నా ప్రమాదకరమైన జోడీ ఉండదు. అమెరికాలో ఈ మందుకు అనుమతి రావడానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది. ఏడేళ్ళ పిల్లల నుంచీ వాడొచ్చని 2018లో చెప్పారు.

ఇప్పుడు కొలత ఉంది. లీటరు రక్తంలో సాధారణంగా 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల (రక్తంలో అయాన్లను కొలిచే ప్రమాణం) మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవ్వొచ్చు. ఎంత ఇరుకు సందో చూడండి! అందుకే సూది గుచ్చి చూడాలి, అదీ చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. పొద్దున మాత్ర వేసేసి ల్యాబ్‌కి తీసుకెళితే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. పిల్లల కిడ్నీలు లిథియాన్ని పెద్దవాళ్ళ కన్నా చురుగ్గా బయటికి పంపుతాయి, పైగా బరువు మారుతూ ఉంటుంది. కాబట్టి పెద్దవాళ్ళ డోసును సగం చేసి ఇచ్చేయడం కుదరదు.

పిల్ల రాత్రుళ్ళు నిద్రపోకుండా గలగలా మాట్లాడుతుంటే మనవాళ్ళు గాలి సోకిందంటారు, ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తారు, తాయెత్తు కడతారు. అంతటితో ఆగితే నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ తాయెత్తు కట్టాం కదా అని మాత్రలు ఆపేస్తారు చూడండి, అక్కడే నా గుండె జారిపోతుంది. లిథియం ఒక్కసారిగా ఆపితే మేనియా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

ఆ అక్కగారు చూసుకోవాల్సింది ఇదీ. ఉప్పు ఎప్పుడూ ఎంత వేస్తారో అంతే వెయ్యండి, అటూ ఇటూ మార్చొద్దు. మే నెల ఎండల్లో నీళ్ళు బాగా తాగించండి. ఒళ్ళునొప్పులకి ఐబుప్రొఫెన్ వెయ్యకండి, అది కూడా లిథియాన్ని బయటికి పోనివ్వకుండా కిడ్నీలో ఆపేస్తుంది. చేతులు బాగా వణుకుతున్నా, నడక తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా తర్వాతి మాత్ర వేసే ముందే డాక్టరుకి ఫోన్ చేసి, ఆ రోజే లెవెల్ చూపించండి. థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకి తప్పకుండా చేయించండి.