కాక్టస్ నెత్తిన కోడిజుట్టు

బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు, సీతజడ ఒకే పళ్ళెంలో చేరతాయి. ఒకటి సన్నటి కంకి, రెండోది ముడతలు పడ్డ ఎర్రటి మఖమలు గుడ్డ. చూపులకు పోలికే లేదు గానీ, వృక్షశాస్త్రం రెండింటినీ సెలోసియా అర్జెన్షియా అనే ఒకే జాతిలో చేర్చింది. గునుగు కంకి కొన ఒక చుక్క. ఆ చుక్క పైపైకి జరుగుతూ కంకిని పొడుగు చేస్తుంది. సీతజడలో ఆ చుక్క సాగి గీత అయింది. దాంతో కంకి విసనకర్రలా పక్కలకు విప్పారింది, చోటు చాలక మడతలు పడింది. కోడిజుట్టు పువ్వు అన్న పేరు అందుకే వచ్చింది.

కాక్టస్ పెంచేవాళ్ళు క్రెస్ట్ అని పిలుచుకుని మురిసిపోయేది సరిగ్గా ఈ వింతనే. మామిల్లేరియా ఎలాంగేటా అనే చిన్న కాక్టస్ మామూలుగా వేళ్ళంత కాడలుగా గుంపు కడుతుంది. అదే క్రెస్ట్ అయితే మెదడులా చుట్టలు తిరుగుతుంది. అరిజోనా ఎడారిలో పది మీటర్లు దాటి పెరిగే సగువారో కాక్టస్ కూడా అరుదుగా, నిటారుగా పోతూ పోతూ ఒక్కసారి నెత్తిన విసనకర్ర విప్పుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క కొంత చెప్పింది. పెరిగే కొనలో మూలకణాలను నిలబెట్టే జన్యువు ఒకటి ఉంది, దాని పేరు వుషెల్. ‘ఇక చాలు’ అని దాన్ని అదిలించేవి క్లావాటా జన్యువులు. ఆ అదిలింపు పనిచేయకపోతే కొన లావెక్కి వెడల్పవుతుంది. అయితే కాక్టస్‌లో అన్నిసార్లూ తప్పు జన్యువులదే అనలేం. కొనకు దెబ్బ తగిలినా, మంచు పట్టినా గీత మొదలుకావచ్చు. నర్సరీలో మ్యుటెంట్, అంటే జన్యువు మారిన మొక్క, అని చీటీ కట్టినవన్నీ ఆ మాటకు అసలైన అర్థంలో మ్యుటెంట్లు కావన్నమాట. ధర మాత్రం అన్నింటికీ మ్యుటెంట్ ధరే!

క్రెస్ట్‌కు సోదరుడి లాంటిది మాన్‌స్ట్రోస్. ఇందులో కొన గీతగా సాగదు, పెత్తనం పోగొట్టుకుంటుంది. ఎక్కడపడితే అక్కడ కొత్త కొనలు లేచి కాడంతా గడ్డలు గడ్డలుగా తయారవుతుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో పెరిగే టోటెమ్ పోల్ కాక్టస్ ఇలాంటిదే. ముళ్ళు దాదాపు లేవు, ఒళ్ళంతా కరిగి కారిన మైనంలా ఉంటుంది. పూలు పూయడం చాలా అరుదు కాబట్టి, విరిగిపడిన ముక్కలు వేళ్ళూనుకుంటేనే దాని సంతతి సాగుతుంది.

నర్సరీల్లో మూన్ కాక్టస్ పేరుతో దొరికే ఎర్రబంతి కథ వేరు. 1941లో జపాన్‌లో వాతనబే అనే పెంపకందారు జిమ్నోకాలిసియమ్ అనే కాక్టస్ నారులో పత్రహరితం లేని ఎర్రటి మొలకలను గమనించాడు. అలాంటి మొలక గింజలోని నిల్వ అయిపోగానే ఆకలితో చనిపోతుంది. దాన్ని ఆకుపచ్చ కాక్టస్‌పై అంటు కట్టి బతికించారు. హిబోటాన్, అంటే ఎర్ర పియోనీ పువ్వు, అని పేరు పెట్టారు. కింద ఉండే ఆ మూడు పలకల ఆకుపచ్చ కాడ సాధారణంగా హైలోసీరియస్, ఇప్పుడు తెలంగాణ రైతులు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ మొక్కే. వండిపెట్టేది కింది మొక్క, ముస్తాబై కూర్చునేది పైబంతి. ఆ ఎరుపు బీటాలైన్ వర్ణకాలది. బీట్‌రూట్, బచ్చలి పండు, మన సీతజడ పువ్వు, అన్నింటి ఎరుపూ ఈ కోవదే. వంకాయ తొక్కలోని ఊదా రంగు వేరే కోవది. ఈ రెండు కోవలూ ఒకే మొక్కలో కలిసి ఉండటం ప్రకృతిలో ఇంతవరకు కనబడలేదు.

మా మేడ మీద ఒక మాన్‌స్ట్రోస్ సీరియస్ అనే రకం కాక్టస్ ఉంది. కొన్నప్పుడు పిడికెడు, పైగా అటూ ఇటూ కాని రూపం. చూసినవాళ్ళు దానికేదో తెగులు పట్టిందనే అన్నారు. తొమ్మిదేళ్ళకు, తొలకరి పడ్డాక, ఒక గడ్డ పక్కన మొగ్గ కనిపించింది. రోజూ టార్చి వేసుకుని చూశాను. ఒక రాత్రి తొమ్మిది దాటాక విచ్చుకుంది: జానెడు తెల్లపువ్వు, ఎక్కడా వంకర లేదు! ఒళ్ళంతా అష్టవంకరలైన మొక్క ఇంత తీరైన పువ్వును ఎలా కన్నదని ఆశ్చర్యపోయాను. తరువాత చదివితే తెలిసింది. కాక్టస్‌లో ముళ్ళు లేచే ప్రతి చుక్కా నిజానికి కుదించుకుపోయిన ఒక పక్కకొమ్మ, దానికి తనదైన కొన ఉంటుంది. పువ్వు పుట్టేది అక్కడి నుంచే. పెద్ద కొన దారి తప్పినా, ఆ చిన్న కొన చాలాసార్లు తన పని సవ్యంగానే చేసుకుపోతుంది. క్రెస్టుల్లో అప్పుడప్పుడు పూలు రెండేసి అతుక్కుని పూస్తాయి కూడా. తెల్లవారి ఎండ వచ్చేసరికి నా పువ్వు వాలిపోయింది. (రాత్రి పూసి పొద్దున్నే వాడిపోయే మన ఇళ్ళలోని బ్రహ్మకమలం కూడా మెక్సికో వైపు నుంచి వచ్చిన అసలైన కాక్టసే. పొలం గట్ల మీద ముళ్ళతో నిలబడే బొంతజెముడు మాత్రం కాక్టస్ కాదు, తుంచితే పాలు కారుతాయి.)

వీటిని చంపేది ఎక్కువగా మన ప్రేమే. ఇసుక, నలగ్గొట్టిన ఇటుక, కొద్దిగా బాగా మాగిన ఎరువు కలిపితే చాలు. నీళ్ళు మట్టి పూర్తిగా ఎండాకే పోయాలి. వానాకాలంలో క్రెస్ట్ మడతల్లో నీళ్ళు నిలిచి కుళ్ళు పడుతుంది కాబట్టి కుండీని చూరు కిందికి మార్చాలి. ఆ మడతల్లోనే పిండినల్లి కూడా దాక్కుంటుంది, ఒక మెత్తటి కుంచె దగ్గర పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నపు ఎండ మూన్ కాక్టస్ ఎర్రబంతులను కాల్చేస్తుంది. వాటికి నీడ వల కావాలి. అన్నిటికంటే కష్టమైన పని వేరే ఉంది. క్రెస్ట్ నుంచి ఒక్కోసారి చక్కటి మామూలు పిలక లేస్తుంది. ముచ్చటపడి వదిలేస్తే అది వేగంగా పెరిగి క్రెస్ట్‌ను మింగేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదాన్ని కోసి పారేయడానికి మొదట్లో నాకు చెయ్యి రాలేదు.

మరుసటి ఏడు పువ్వు విచ్చుకున్న రాత్రి, ఎదురింటి మామూలు సీరియస్ పుప్పొడిని కుంచెతో తెచ్చి అద్దాను. ఎర్రటి కాయ పండి పగిలింది, తెల్లటి గుజ్జులో నువ్వుల్లాంటి నల్ల గింజలు. క్రెస్టుల గింజలు సాధారణంగా మామూలు మొక్కలనే ఇస్తాయి గానీ, మాన్‌స్ట్రోస్ సీరియస్ గింజల్లో కొన్ని తల్లిలాగే మొలవవచ్చు. నా కుండీలో మొలిచినవి పదకొండు. తొమ్మిది కంచెకర్రల్లా నిటారుగా ఉన్నాయి. మిగిలిన రెండూ పక్కకు ఉబ్బుతున్నాయి.