కోతి, పులిహోర, మా బాబాయి: పిల్లల కామిక్స్ మీద కొన్ని అపోహలు

ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే "పిల్లలకి నవ్వు కామిక్స్ వేస్తానండి" అంటాను. "అబ్బో, హాయిగా బొమ్మలేసుకోవడమే!" అంటారు. ఆ హాయి ఎలా ఉంటుందో ఒకసారి రాసి పెడితే మళ్లీ మళ్లీ చెప్పే పని తప్పుతుందని కూర్చున్నాను. బొమ్మలు నావి, మాటలు మా బాబాయివి. బాబాయి తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు, మాటకి కరువు లేని మనిషి. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా డాబా మీది గదే మా ఆఫీసు.

అపోహ: బొమ్మ వింతగా ఉంటే చాలు, పిల్లలు నవ్వేస్తారు.

గుడ్లగూబ కళ్లూ గుమ్మడికాయ ముక్కూ వేస్తే మొదటి పేజీలో నవ్వుతారు. మూడో పేజీకి వచ్చేసరికి ఆ ముక్కు వాళ్లకి అలవాటైపోతుంది. నవ్వు బొమ్మలో కన్నా బొమ్మకీ బొమ్మకీ మధ్య పట్టే టైములోనే ఎక్కువ ఉంటుంది. మా పుస్తకంలో ఒక ఘట్టం చెబుతాను.

సింహాచలం మెట్లు. తాత, మనవడు, చేతిసంచిలో పులిహోర పొట్లం. ఎదురుగా కోతి. మొదటి గడిలో తాత అంటాడు: "కోతిని సూసి బయపడకూడదురా. కళ్లలోకి సూటిగా సూడాల." రెండో గడిలో తాత చూస్తుంటాడు, కోతీ చూస్తుంటుంది. మూడో గడిలోనూ అంతే. రెండోదాన్ని గీత గీతకీ అలాగే దించాను. తేడా ఒక్కటే: కుడి అంచున, సంచి పక్కన, చిటికెన వేలి గోరంత గోధుమరంగు చెయ్యి. పేజీ తిప్పితే రెండు కోతులు. ఒకటి పులిహోర తింటోంది. రెండోది తాత కళ్లజోడు పెట్టుకుని, తాత కళ్లలోకి సూటిగా చూస్తోంది.

బాబాయి మొదట రాసిచ్చిన కాగితంలో మూడో గడిలో మనవడు "తాతా! ఎనకాల ఇంకో కోతి పులిహోర పట్టుకెలిపోతంది!" అని అరుస్తాడు. దాని కింద "తాతగారి ధైర్యం ఎంత పని చేసిందో చూశారా!" అని ఇంకో వాక్యం. రెండూ కొట్టేశాను.

"అదేనమ్మా అసలు జోకు!" అన్నాడు బాబాయి.

"ఆ చెయ్యిని పిల్లాడే కనిపెట్టాలి బాబాయ్. నువ్వు చెప్పేస్తే ఇంక వాడికేం మిగిలింది?"

రెండు రోజులు డాబా ఎక్కలేదు. మూడో రోజు వచ్చి, మొదటి గడిలో కూడా ఒక మాట ఎక్కువుందేమో చూడమన్నాడు.

మాటలేని గడి మళ్లీ వస్తే అది సినిమాలో నటుడు ఆగి చూసే చూపులాంటిది. పిల్లాడి కన్ను అక్కడ ఆగుతుంది, ఏదో జరగబోతోందని వెతుకుతుంది. ఆ వెతుకులాటకి జవాబు పేజీ వెనకాల ఉండాలి. పుస్తకంలో కుడి చేతి పేజీలు బేసి, ఎడమవి సరి. అంటే చెయ్యి బేసి పేజీ చివరి గడిలో పడాలి, కోతులు తర్వాతి సరి పేజీలో పడాలి. అందుకే అసలు బొమ్మలు మొదలెట్టక ముందే ఏ4 కాగితాలు మడిచి, అగ్గిపుల్ల మనుషుల్ని గీసి, ఒక డమ్మీ కుట్టుకుంటాం. అయినా తప్పు జరిగింది. ఆఖర్లో లోపల ఒక టైటిల్ పేజీ చేర్చాం. కథంతా ఒక పేజీ ముందుకి జరిగింది. చెయ్యి ఎడమ పేజీలో, కళ్లజోడు కోతి దాని ఎదురుగా కుడి పేజీలో. తెరవగానే కన్ను కోతి మీదే పడుతుంది, ఇంక చెయ్యిని వెతికేదెవరు? ప్రెస్సుకి వెళ్లే ముందు రాత్రి చూసుకుని ఆ టైటిల్ పేజీ పీకేశాం. ఖాళీ అయిన పేజీ పుస్తకం చివర పడింది. పీకేసి ఊరుకుంటే కుదరదు, ప్రెస్సులో ఫారం లెక్క ఉంటుంది. ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టే ఫారం, మా పుస్తకానికి అది 16 పేజీలు. అంటే 32, కాకపోతే 48. ముప్పై ఏడు పేజీల జోకు ఎంత బావున్నా దానికి కాగితం లేదు.

అపోహ: రచయిత కథ రాసిచ్చేస్తే ఆర్టిస్టు బొమ్మలు వేసేస్తాడు.

మనకి ఈ అలవాటు పత్రికల నుంచి వచ్చింది. 1947 జులైలో మొదలైన చందమామని తీసుకోండి. శంకర్ గారి భేతాళుడి బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టినా కథ తెలుస్తుంది, ఎందుకంటే కథంతా మాటల్లోనే ఉంది. బొమ్మ దానికి అందం. కామిక్‌లో బొమ్మ మీద చెయ్యి పెడితే కథే మాయం. కాబట్టి ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చోవాలి. బాబాయి కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాస్తాడు. రెండువైపులా ఒకటే ఉంటే ఒకటి కొట్టేస్తాం. నూటికి తొంభైసార్లు కుడివైపుదే పోతుంది, పాపం.

తెలుగుతో ఇంకో చిక్కు, మాట పొడుగు. "వెళ్లిపోతున్నావేంటి" ఒక్క మాటే, కానీ మాటలు రాసే చిన్న బెలూన్లో అదే ఒక లైను. కింద వత్తులుంటాయి కాబట్టి లైనుకీ లైనుకీ మధ్య ఇంగ్లీషు కన్నా ఎక్కువ జాగా వదలాలి. అందుకని గడిలో నేను ముందు బెలూన్ గీస్తాను, మిగిలిన చోట మనుషుల్ని సర్దుతాను. మా ఇంటి పక్క పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, చదివేటప్పుడు మాత్రం కూడబలుక్కుంటారు, బడి ఇంగ్లీషు మీడియం కదా. పొడుగు మాట దగ్గర వాడు తడబడితే జోకు అక్కడే చల్లారిపోతుంది. నవ్వు పేలాల్సిన మాట రెండు మూడు అక్షరాలకి మించకుండా చూస్తాం.

అపోహ: కంప్యూటరుంది, వారంలో అయిపోతుంది.

రంగులు వేయడం నిజంగానే తేలికైంది, క్రిటాలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అక్షరాల దగ్గరే మునిగాం. మా మొదటి పుస్తకంలో ఒకడు "కెవ్వు" మని అరవాలి. ఫోటోషాప్‌లో టైప్ చేస్తే వత్తు విడిపోయి "కెవ్‌వు" అని కూర్చుంది. నేను బొమ్మ చూశాను తప్ప మాట చూళ్లేదు. అలాగే అచ్చయింది. తెలుగు మాస్టారి పేరున్న పుస్తకంలో! తప్పు నాదే. అప్పటి సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల కంపోజర్, అంటే అక్షరాలు పేర్చే పద్ధతి, ఎంచుకుంటే వత్తులు సరిగ్గా కూర్చుంటాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు "ధడేల్", "కెవ్వు" లాంటి చప్పుళ్లు చేత్తోనే రాస్తున్నాను, అవీ బొమ్మలే కదా. ఇంకొకటి: అచ్చులో ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు ఉంటుంది, మాటలకి ఒక్క నలుపు ప్లేటే వాడండి. నాలుగు రంగులు కలిపిన నలుపు వాడితే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది.

అపోహ: యాస పెడితే పిల్లలకి అర్థం కాదు, పైగా బాగోదు.

ఈ యాసలోనే కథలు రాసిన రావిశాస్త్రి గారి ఊళ్లో ఉండి ఈ మాట వినడం నాకు విచిత్రంగా ఉంటుంది. "ఏటి", "ఎల్తన్నావ్", "గుంటడు" అంటే తెలియని పిల్లలు ఇక్కడెవరు? ప్రమాదం వేరే చోట ఉంది. పుస్తకంలో అందరూ పత్రికల తెలుగు మాట్లాడి, బఫూన్ ఒక్కడే యాస మాట్లాడితే, ఫిషింగ్ హార్బర్ నుంచి బడికొచ్చే పిల్లాడు తన నోరే జోకని అనుకుంటాడు. మా పుస్తకంలో హెడ్‌మాస్టరమ్మ కూడా "ఏటర్రా ఆ గోల" అంటుంది. నవ్వు ఆవిడ చేసే పని మీద రావాలి.

కామిక్స్ చదివితే చదువు పాడవుతుందనే వాళ్లకి నా దగ్గర ఒక్కటే జవాబు: 1827లో తన విద్యార్థుల్ని నవ్వించడానికి గడులు గీసి కథలల్లిన జెనీవా వాసి, కామిక్స్‌కి ఆద్యుడని చెప్పుకునే రొడోల్ఫ్ టోఫర్ స్వయంగా బడిపంతులు. బాబాయికి ఈ సంగతి చెప్పిన దగ్గర్నుంచీ వచ్చిన వాళ్లందరికీ ఆయనే చెబుతున్నాడు, నాకు ఆ శ్రమ తగ్గింది.

డమ్మీ పూర్తయ్యాక అపార్టుమెంటు మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఇస్తాం, ఏమీ చెప్పం. ఎక్కడ నవ్వారో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటాను, ఎక్కడ వెనక్కి తిప్పారో సున్నా చుడతాను. కోతి పేజీ దగ్గర సున్నాలూ టిక్కులూ రెండూ పడ్డాయి: నవ్వి, వెనక్కి తిప్పి, చెయ్యి చూసి, మళ్లీ నవ్వారు. కానీ అన్నిటికన్నా ఎక్కువ టిక్కులు, మెట్టు మీద ఖాళీగా ఉందని నేను ఊరికే వేసిన కుక్కకి పడ్డాయి. నాలుగు గడుల్లోనూ అది నిద్రపోతూనే ఉంటుంది.

బాబాయి కళ్లజోడు సర్దుకుని ఆ కుక్కని చాలాసేపు చూశాడు.

"అమ్మలూ, దీనికో డైలాగ్ రాయనా?"

"వద్దు బాబాయ్."