గొట్టంలో పాచి

పళ్ళ మీద పేరుకునేదాన్నీ, చెరువు మెట్ల మీద కాలు జారేలా చేసేదాన్నీ మనం పాచి అనే అంటాం. శాస్త్రవేత్తల బయోఫిల్మ్‌కు ఇంతకన్నా సరైన మాట లేదు. బ్యాక్టీరియా ఎక్కడో అక్కడ అతుక్కుని, చుట్టూ జిగురు కక్కుకుని, గుంపుగా బతుకుతాయి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ సంగతి ప్రతి కిడ్నీ రోగి ఇంట్లోనూ తెలియాలి. సోంపేట, కవిటి, పలాస వైపు మెడ దగ్గర క్యాథెటర్ గొట్టంతో డయాలసిస్‌కు వెళ్ళేవారికి ఒక్కోసారి మెషిన్ ఎక్కిన కాసేపటికే వణుకుతో జ్వరం వస్తుంది. ఇంటికొచ్చాక తగ్గుతుంది. మళ్ళీ డయాలసిస్ నాడు అదే వరస. గొట్టం లోపలి గోడకు పాచి పట్టిందనడానికి ఇది బలమైన గుర్తు. నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం పారుతుంటే పాచి ముక్కలు ఊడి ఒంట్లోకి పోతాయి.

గొట్టం రక్తంలో దిగిన నిమిషాల్లోనే దాని మీద ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రొటీన్ల పూత పడుతుంది. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ జాతి బ్యాక్టీరియాకు ఆ పూతను పట్టుకునే కొక్కేలున్నాయి. పట్టు దొరికాక అవి చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన తోటి కణాల డీఎన్‌ఏ కలిపి జిగురు కట్టుకుంటాయి.

మరి మన తెల్లకణాలు ఏం చేస్తున్నట్టు? వాటిలో బ్యాక్టీరియాను మింగే రకమైన న్యూట్రోఫిల్ వెడల్పు 12 నుంచి 15 మైక్రాన్లు, బ్యాక్టీరియాది దాదాపు 1 మైక్రాన్. విడిగా దొరికితే మింగేస్తుంది. పరుపులా పరుచుకున్న పాచిని మింగలేదు. మింగలేక, తన లోపలి ఎంజైములను బయటే కుమ్మరిస్తుంది; దెబ్బ పాచికన్నా చుట్టూ ఉన్న మన కణజాలానికే ఎక్కువ. చిగుళ్ళ జబ్బులో పంటి చుట్టూ ఎముక కరిగిపోయేది ప్రధానంగా మన ఒంటి కణాలే రేపే ఈ మంట (ఇన్‌ఫ్లమేషన్) వల్లే. న్యూట్రోఫిల్ తన డీఎన్‌ఏనే వలగా విసిరినా, సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఆ వలను కూడా జిగురులో కలిపేసుకోగలవు. పైగా కిడ్నీలు పాడైనవారిలో ఈ కణాలు ముందే నీరసించి ఉంటాయి.

యాంటీబయాటిక్ కూడా అంతంతే. పాచిలో ఉన్న బ్యాక్టీరియాను చంపడానికి కొన్ని మందులు వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఎక్కువ కావాలి. అడుగున ప్రాణవాయువు అందక నిద్రలో ఉన్న కణాల మీద మందు పెద్దగా పనిచేయదు, ఎందుకంటే చాలా మందులు దెబ్బతీసేది పెరిగే కణాలనే. అవే మళ్ళీ లేస్తాయి.

అందుకే వణుకు రాగానే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ మాత్ర వేసుకోవద్దు. ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో సీసాలో పెంచి చూసే పరీక్ష) తీయాలి: గొట్టం నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి, పెద్దవాళ్ళకు సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. మాత్ర ముందే పడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. గొట్టం సీసాలో చేతి సీసాకన్నా 2 గంటలో అంతకన్నా ముందో పెరిగితే దోషం గొట్టానిదే. స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్, ఫంగస్ తేలితే సాధారణంగా గొట్టం తీసేయాల్సిందే. మిగతా కొన్నింటికి నరంలోకి మందు ఇస్తూనే, డయాలసిస్ అయ్యాక గొట్టంలోనూ మందు నింపి మూత పెడతారు.

గొట్టానికి బదులు డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ ఆపరేషన్‌తో కలిపేదే ఫిస్టులా. అది మన సొంత రక్తనాళమే, ప్లాస్టిక్ కాదు. పాచి పట్టే ముప్పు చాలా తక్కువ. అయితే అది సూదికి సిద్ధమవడానికి కనీసం నెలన్నర, ఒక్కోసారి 3 నెలలు పడుతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరుగుతోందని తెలిసిన నాటి నుంచే ఒక చేయి, కుడివాటం వారైతే ఎడమ చేయి, దాచుకోవాలి. ఆ చేతికి సెలైన్ సూది గాని, రక్తం తీసే సూది గాని వద్దని ఎక్కడికెళ్ళినా ముందే చెప్పండి.